సవరంలంక గొలుసు

1వ రోజు. పోటు ఉదయం 9.10

పోలీసుల వినికిడి విభాగం మెరకపేటలో ఒక పాత కొబ్బరి గోదాములో ఉంది. ఊరిలో పోటుకు తడవని నేల అదొక్కటే. లోపల పన్నెండు కుర్చీలు, పన్నెండు జతల హెడ్‌ఫోన్లు. మనుషులు నలుగురు. ప్రభుత్వం ఈ విభాగానికి ఇస్తున్న నిధి ఇంకో పదహారు రోజుల్లో ముగుస్తుంది. పొడిగించాలా వద్దా అన్నది శాసనసభ కమిటీ పదిహేనో రోజున తేలుస్తుంది. అప్పటిదాకా ఇక్కడే కూర్చుని చూసింది రాయమని మా ఎడిటర్ నన్ను పంపారు.

పిల్లలను తెరల ముందు కూర్చోబెట్టి, చూసేవాళ్ళ దగ్గర డబ్బు తీసుకునే మనుషులున్నారు. వాళ్ళు ఎక్కడున్నారో కనిపెట్టడం ఈ విభాగం పని. ఇక్కడివాళ్ళు ఆ వీడియోలు చూడరు. జల్లెడ అనే యంత్రం ముందుగా బొమ్మనూ మనుషుల గొంతులనూ తీసేస్తుంది. గదిలో చప్పుళ్ళు మాత్రం మిగులుతాయి. ఆ మిగిలినదాన్ని వీళ్ళు ‘మిగులు’ అంటారు. రోజంతా మిగులు వింటారు.

తొమ్మిది దాటాక కిటికీలోంచి చూశాను. పోటు వచ్చింది. ఎదురుగా ఉన్న తెప్పవాడలో, తెప్పల మీద కట్టిన ఇళ్ళన్నీ ఒక్కసారిగా మనిషి ఛాతీ ఎత్తు లేచాయి. ఆరేసిన బట్టలు, బడి, బడి మీద జెండా కూడా లేచాయి. ఒక ముసలాయన అరుగు మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. ఆయన చెయ్యి ఆగలేదు. పోటు నీళ్ళ మీద చప్పుళ్ళు దూరం నుంచి వస్తాయి. ఎక్కడో పోపు వేస్తున్నారు. ఆ చిటపట మన పక్కనే అన్నట్టు వినిపించింది.

2వ రోజు. పోటు ఉదయం 10.00

హెడ్ కానిస్టేబుల్ నూకరత్నం ఇక్కడ అందరికంటే పాత మనిషి. పోలీసులో చేరకముందు వలలు కట్టేవారు. నాకు ఒక జత హెడ్‌ఫోన్లు ఇచ్చారు.

“కళ్ళు మూసుకోకండి తాయారుగారండి. అందరూ మూసేసుకుంటారు. మూసుకుంటే మీ ఊహలే వినబడతాయి.”

ఫైలు 618. నాలుగు నెలల్లో ఏడు వీడియోలు వచ్చాయి, ఏడూ ఒకే గదివి. ఒక ఆడపిల్ల. తొమ్మిదో పదో ఏళ్ళుంటాయని వైద్య బృందం అంచనా. వీడియోకూ వీడియోకూ మధ్య దాదాపు పద్దెనిమిది రోజులు. చివరిది నేను రావడానికి ఐదు రోజుల ముందు వచ్చింది. అంటే తరువాతిది నా పుస్తకంలో పద్నాలుగో రోజున రావాలి.

ఒక ఫ్యాను విన్నాను. తిరిగిన ప్రతిసారీ ‘టిక్’ అంటోంది. ఎక్కడో నీళ్ళు. దానికి అవతల ఇనుము: పోటుకు ఇల్లు లేస్తుంటే లంగరు గొలుసు బిగుసుకుంటున్న చప్పుడు. ఒక్కో లంకె సర్దుకుంటూ వరసగా మోగుతోంది.

“ఆ ఫ్యాను నాలుగు నెలల్నుంచి వింటన్నానండి,” అన్నారు నూకరత్నం. “మా ఇంట్లో ఫ్యాను ఎలా తిరుగుద్దో అడగండి, చెప్పలేను. తలుపు గడియ కిందకి ఉంటాది. నేల చెక్కలు నిలువుగా వేసేరు. కిటికీకి రేకు కొట్టేసేరు, గాలికి అది మోగుద్ది. అన్నీ తెలుసు. ఎక్కడో తెలీదు.”

4వ రోజు. పోటు ఉదయం 11.40

ఎనిమిది కుర్చీలు ఎందుకు ఖాళీగా ఉన్నాయని ఇన్‌స్పెక్టర్ హబీబుల్లాను అడిగాను. ఆయన సొరుగులోంచి మా పత్రిక కత్తిరింపు ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. మూడేళ్ళ నాటిది. శీర్షిక: ‘కుళాయి చప్పుడుకు పోలీసు కాపలా’. కింద నా పేరు.

అప్పట్లో విభాగానికి సేకరణ బృందం ఒకటి ఉండేది. ఎనిమిది మంది పడవల్లో తిరిగి తెప్పవాడల కుళాయిలు, గడియలు, గంటలు, గొలుసులు రికార్డు చేసేవారు. మిగులును ఆ నిల్వతో పోల్చి చోటు పట్టుకునేవారు. నేను లెక్కలు తీశాను. అప్పటికి చప్పుళ్ళు 41,206. వాటివల్ల దొరికిన పిల్లలు ముగ్గురు. అదే రాశాను. నా వ్యాసాన్ని ఒక సభ్యుడు సభలో చదివాడు. సేకరణకు నిధి ఆగింది, వినికిడికి కొనసాగింది.

“అందులో తప్పేమైనా ఉందా?” అన్నాను.

“ఒక్క తప్పు కూడా లేదు మేడం. అదే మాకు ఇబ్బందయింది. తప్పుంటే ఖండన పంపేవాళ్ళం.”

ఆ ముగ్గురూ ఎవరు, ఇప్పుడెక్కడున్నారు అని నేను ఆ రోజు అడగలేదు. అది కూడా ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

మధ్యాహ్నం జల్లెడ ఒక జవాబు ఇచ్చింది. ఫైలు 618లోని గొలుసు నిల్వలో ఉన్న సవరంలంక తెప్పవాడ పడమటి గొలుసుతో నూటికి తొంభై రెండు వంతులు సరిపోయింది. నూకరత్నం నీళ్ళు తాగారు.

5వ రోజు. పోటు మధ్యాహ్నం 12.30

పోటు వేళకు మూడు నీలం పడవలు సవరంలంక చేరాయి. నేను మూడోదానిలో ఉన్నాను. పడమటి గొలుసుకు దగ్గరగా ఉన్న నాలుగిళ్ళు సోదా చేశారు. మూడో ఇంట్లో ఒక తాతనూ మనవరాలినీ విడివిడిగా కూర్చోబెట్టి రెండు గంటలు ప్రశ్నలు అడిగారు. ఆ మనవరాలికి పదకొండేళ్ళు.

నూకరత్నం పడవ అంచున కూర్చుని ఉన్నారు. పోటు నిండింది, ఇళ్ళు లేచాయి, ఏ చప్పుడూ రాలేదు. ఆమె చెయ్యి చాచి నీళ్ళలో లంగరును తడిమారు. నైలాను మోకు.

“గొలుసేదండి?” అని అరుగు మీదున్న ఒకామెను అడిగారు.

“అమ్మేసేం కదా, రెండేళ్ళయ్యింది. తుప్పు కారి చేపలు చస్తన్నాయని.”

“ఎవరికమ్మేరు?”

“పాతినప సామాన్ల పడవోడికి. ఆడెవరికమ్మేడో మాకేటి తెలుసు? ఏం, గొలుసు కోసమా మా మావయ్యని అంత ఏడిపించేరు?”

ఇక్కడ ఇళ్ళనే తాడు విప్పి ఇంకో వాడకు లాక్కెళతారు. చప్పుళ్ళు మాత్రం రికార్డు చేసిన చోటే ఉంటాయని విభాగం అనుకుంది. మూడేళ్ళ క్రితం ఆపకపోయి ఉంటే సేకరణ బృందం నిరుడే వచ్చి ఈ మోకును చూసి ఉండేది.

6వ రోజు. పోటు మధ్యాహ్నం 1.20

రెండు సంగతులు. తెప్పవాడల సంఘాలన్నీ కలిసి నెల రోజులు బయటి పడవలను రానివ్వకూడదని తీర్మానం చేశాయి. పోలీసులైనా, పత్రికలవాళ్ళైనా సరే. వాడల్లోకి పడవలు వెళ్ళే మొగల్లో తాళ్ళు కట్టేశారు. రెండోది, మేజిస్ట్రేటు హబీబుల్లాను పిలిపించి ఇకమీద పాత నిల్వను చూసి సోదా అనుమతి ఇవ్వనన్నారు. గొలుసు అమ్మాక ఎక్కడికి చేరిందో చూపించే రికార్డింగు కావాలి. ఏ యంత్రమూ ముట్టుకోనిది కావాలి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ తీశారో ప్రమాణం చేసి చెప్పాలి.

తెప్పవాడలు 212 ఉన్నాయి. ఒక్కదానిలోకీ వెళ్ళడానికి లేదు.

7వ రోజు. పోటు మధ్యాహ్నం 2.10

నూకరత్నం ఉదయం నుంచీ సవరంలంక పాత రికార్డింగూ 618 మిగులూ మార్చి మార్చి విన్నారు. మధ్యాహ్నం నన్ను పిలిచి మిగులు పెట్టారు.

“లెక్కపెట్టండి. పదకొండో లంకె.”

లెక్కపెట్టాను. పది లంకెలు ఖణేల్‌మని మోగాయి. పదకొండోది మొద్దుగా, గుడ్డలో చుట్టి కొట్టినట్టు ఉంది. మళ్ళీ తరువాతివి మోగాయి.

“అది విరిగితే తీగ చుట్టేరండి. సవరంలంకలో ఉన్నప్పుడు ఆ మొద్దు దెబ్బ లేదు. కొన్నాక చుట్టేరు. జల్లెడ దాన్ని రొద అనుకుని పక్కన పడేసింది.”

నేను మళ్ళీ విన్నాను. మూడోసారి వింటుంటే నాకు ఒక ఇంటి చూరు కనిపించింది. చూరుకు ఎండుచేపల దండ, స్టీలు గ్లాసులో టీ. ఎవరి ఇల్లో గుర్తురాలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

10వ రోజు. పోటు సాయంత్రం 4.40

మా పత్రికలో ఇంటర్వ్యూలు ఆఫీసుకు చేరగానే యంత్రం శుభ్రం చేస్తుంది. వెనక చప్పుళ్ళు పోతాయి, మాట మిగులుతుంది. నేను మాత్రం శుభ్రం చెయ్యని టేపులు ఇంట్లో దాస్తాను. ఎప్పుడో ఒక పరువు నష్టం కేసులో అవే నన్ను కాపాడాయి. మూడు రోజులుగా అవి వింటున్నాను. రెండేళ్ళ టేపులు, అరవై ఒక్క గంటలు. ముప్ఫై ఏళ్ళు నేను మనుషుల మాటల కోసమే విన్నాను. ఇప్పుడు మాటలను వదిలేసి వాటి వెనకాల నడుస్తున్నాను. ఒక మంత్రి అబద్ధం చెబుతుంటే వెనక కోయిల ఉంది. ఒక తల్లి కొడుకు శవం గురించి చెబుతుంటే వెనక ఎవరో బియ్యం కొలుస్తున్నారు.

ఈ మధ్యాహ్నం దొరికింది. పదకొండు నెలల క్రితంది. ఓడలమెట్ట తెప్పవాడ, తూర్పు వరస. పది లంకెలు మోగాయి, పదకొండోది మొద్దుగా ఉంది.

ఆ గొలుసు ముందు వినిపించే గొంతు ఏసుపాదానిది. కొత్తకాలువ లాకు దగ్గర తలుపులు తీసే మనిషి. వాళ్ళ అధికారి లాకు తెరవడానికి దొంగ రసీదులు రాస్తున్నాడని నాకు చెప్పింది ఆయనే. తన చెల్లెలి ఇంట్లో, ఆ ఎండుచేపల దండ కింద కూర్చుని చెప్పాడు. పేరుగానీ, గొంతుగానీ, కలిసిన చోటుగానీ ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాను. వ్యాసం వచ్చింది. అధికారి అక్కడే ఉన్నాడు, చెప్పిందెవరా అని ఇంకా వెతుకుతున్నాడు.

పద్నాలుగో రోజుకు నాలుగు రోజులే ఉన్నాయి. టేపు బల్ల మీద ఉంది. ఇస్తున్నానని ఎవరికీ చెప్పలేదు.

11వ రోజు. పోటు సాయంత్రం 5.30

లాకుకు పొద్దున్నే వెళ్ళాను. ఏసుపాదం చక్రం దగ్గర ఒంటరిగా ఉన్నాడు.

“రండమ్మగారండి. ఏడాది నుంచి నన్నెరగనట్టే పోతన్నారు. బాగా నటించేరండి.”

“మీరు చెప్పిందే కదండీ.”

“ఆయ్, చెప్పేను. మరీ అంత బాగా చేస్తారనుకోలేదు. మా ఆవిడ మీకు పొగరంటాది.”

సంగతి చెప్పాను. ఆయన ఒక పడవను లోపలికి వదిలి, తలుపు మూసి, నీళ్ళు నిండేదాకా చూశాడు. పడవ మెల్లగా మా ఎత్తుకు వచ్చింది. అందులో కొబ్బరి బొండాల మీద ఒకామె నిద్రపోతోంది.

“నా గొంతు తీసేసి ఇవ్వకూడదాండి?”

“ముట్టుకుంటే మేజిస్ట్రేటు ఒప్పుకోరు.”

“మా చెల్లెలి ఇంటికెళ్ళి కొత్తగా రికార్డు చేసుకు రమ్మంటారా నన్ను?”

“వెళ్ళగలరా?”

“చెల్లి ఇల్లు నిరుడే దిగువకి లాగేసేరండి. ఓడలమెట్టలో ఇప్పుడు నేనూ బయటోడినే.” చక్రం మీద చేతులు పెట్టి నిలబడ్డాడు. “అయితే నేను మా ఆఫీసర్ని తిట్టినయ్యి కూడా వింటారన్నమాట.”

“అన్నీ వింటారు.”

“ఆయన తల్లిని తిట్టలేదు కదండీ నేను?”

“రెండుసార్లు తిట్టారు.”

“అది మాత్రం బాగోలేదండి. ఆవిడ మంచిదే.” చక్రం మీది నీళ్ళు తుడిచాడు. “పిల్లకెన్నేళ్ళు?”

“తొమ్మిదో పదో అంటున్నారు. ఎవరికీ తెలీదు.”

“తీరా టేపు ఇచ్చేక పిల్ల దొరకలేదనుకోండి?”

“మీ ఉద్యోగం పోతుంది, పిల్లా దొరకదు.”

“మీరేదీ మనసుకి నచ్చేలా చెప్పరండీ,” అన్నాడు. తలుపు తెరిచాడు. పడవ వెళ్ళిపోయింది, ఆమె లేవలేదు. “ఇచ్చెయ్యండి. ప్రమాణం చెయ్యడానికి నేనూ వస్తాను. చొక్కా మార్చుకోనివ్వండి.”

12వ రోజు. పోటు ఉదయం 5.55

మేజిస్ట్రేటు ముందు టేపు మొత్తం వేశారు, నలభై నిమిషాలు. తిట్లు వచ్చినప్పుడు ఏసుపాదం నేల చూపులు చూశాడు. తరువాత 618 మిగులు వేశారు. మేజిస్ట్రేటు వేళ్ళతో బల్ల మీద లెక్కపెట్టుకున్నారు. పదకొండో దెబ్బకు వేలు ఆగిపోయింది. నేనూ ఏసుపాదమూ ప్రమాణం చేశాం. తూర్పు వరసలో ఆరిళ్ళకు అనుమతి ఇచ్చారు.

13వ రోజు. పోటు ఉదయం 6.45

ఓడలమెట్ట మొగలో తాడు అడ్డం ఉంది. సంఘం పెద్ద ఒకామె పడవలో వచ్చి అడ్డం నిలబడింది. హబీబుల్లా అనుమతి కాగితం చూపించారు. ఆమె చదవలేదు.

“సవరంలంకలో కూడా కాయితం చూపించే వెళ్ళేరు.”

“అక్కడ మాది తప్పేనమ్మా,” అన్నారు హబీబుల్లా. “ఆ తాతగారి దగ్గరికి మళ్ళీ వెళ్ళి క్షమాపణ చెప్పాను. కావాలంటే కబురంపి కనుక్కోండి.”

ఆమె ఆయన ముఖం కొంచెంసేపు చూసింది. తాడు తానే విప్పింది.

మంచు నీళ్ళ మీద ఉంది. పోటు మొదలైంది. ఇళ్ళు ఒకదాని తరువాత ఒకటి మంచులోంచి పైకి తేలాయి. గొలుసు మోగడం మొదలుపెట్టింది. నూకరత్నం పెదవులు లంకెలు లెక్కపెడుతున్నాయి. పడవను ముందుకు పోనిమ్మని చేత్తో చూపించారు, ఇంకొంచెం, ఇంకొంచెం. నాలుగో ఇంటి దగ్గర చెయ్యి దించారు. మిగులులో కూడా గొలుసు సరిగ్గా ఇంత దూరం నుంచే వినిపిస్తుందని తరువాత చెప్పారు. ఇంటి వెనక కిటికీకి రేకు కొట్టి ఉంది.

నన్ను లోపలికి రానివ్వలేదు. రానివ్వకపోవడం సరైనదే. కాబట్టి చూసింది రాయలేను, విన్నది రాస్తున్నాను. కింది గడియ తీసిన చప్పుడు. ఒక మగ గొంతు, తరువాత హబీబుల్లా గొంతు, తరువాత మగ గొంతు లేదు. నిలువు చెక్కల మీద అడుగులు. వాటన్నిటి వెనక ఫ్యాను, టిక్, టిక్.

అది ఆగిపోయింది.

నూకరత్నం లోపలికి వెళ్ళి మొదట చేసిన పని స్విచ్ ఆపడం. నాలుగు నెలలు విన్నది చాలనిపించిందట. ఆ తరువాతే మంచం వైపు తిరిగి పిల్లకు తన పేరు చెప్పారట.

ఇద్దరు మగవాళ్ళను ముందు తీసుకెళ్ళారు. తరువాత అరుగు నుంచి పడవకు వేసిన పలక మీద చిన్న అడుగులు వినిపించాయి. నేను నీళ్ళ వైపు తిరిగి కూర్చున్నాను. “ఈ పడవ ఊగుద్దా?” అని ఒక గొంతు అడిగింది. “కొంచెం ఊగుద్దమ్మా. నా చెయ్యి పట్టుకో,” అని నూకరత్నం జవాబిచ్చారు.

14వ రోజు. పోటు ఉదయం 7.35

ఎనిమిదో వీడియో రాలేదు. సాయంత్రం ఆరు దాకా హెడ్‌ఫోన్లు పెట్టుకునే కూర్చున్నాం. ఎందుకు కూర్చున్నామని ఎవరూ అడగలేదు.

15వ రోజు. పోటు ఉదయం 8.25

కమిటీలో ఏడుగురు సభ్యులు. అధ్యక్షుడు నా పాత వ్యాసం కాపీ ముందు పెట్టుకున్నారు. “చప్పుళ్ళు ఒకసారి తీశాక మళ్ళీ మళ్ళీ తియ్యడం దేనికి?” అని అడిగారు.

నూకరత్నం లేచారు. “మా ఇల్లు ఈ ఏడాది మూడు చోట్లకి లాక్కెళ్ళి కట్టేమండి. ఉత్తరాలోడు మమ్మల్ని వెతుక్కుంటా తిరుగుతాడు. ఆయన్నేమో తిరగొద్దనరు కదండీ.”

ఒక సభ్యురాలు నవ్వు ఆపుకున్నారు. ఆ వ్యాసం రాసిన మనిషి ఇక్కడే ఉన్నారట కదా అని అధ్యక్షుడు అడిగారు. లేచి నిలబడ్డాను. నలభై ఒక్క వేల చప్పుళ్ళకు ముగ్గురు పిల్లలు అన్నది అప్పుడు నిజం, ఇప్పుడు నలుగురు అన్నాను. ఈ వారంలో ఆ ముగ్గురి సంగతీ కనుక్కున్నానని చెప్పాను. ఒకరు నర్సు చదువుతున్నారు. ఒకరు పడవ ఇంజన్లు బాగుచేస్తారు. మూడో అబ్బాయి నాతో మాట్లాడనన్నాడు, అది అతని ఇష్టం. నాలుగో పిల్ల దొరికింది విభాగం నిల్వ వల్ల కాదని, లాకు మనిషి ఒకరు తన ఉద్యోగం పణంగా పెట్టబట్టేనని కూడా చెప్పాను. ప్రభుత్వం ఆ పనికి అలాంటి మనిషి మీద ఆధారపడవచ్చా అని అడగబోయాను. నా సమయం అయిపోయిందన్నారు.

నిర్ణయం సాయంత్రం వచ్చింది. వినికిడికి ఆరు నెలలు పొడిగింపు. సేకరణ పరిశీలనలో ఉంటుంది.

16వ రోజు. పోటు ఉదయం 9.15

ఏసుపాదానికి సస్పెన్షన్ కాగితం నిన్ననే ఇచ్చారు. లాకు తాళాలు ఈ రోజు పదింటికి అప్పగించాలి. ఆ తలుపు చప్పుడు నిల్వలో లేదని నూకరత్నం చెప్పారు. నా రికార్డరు పట్టుకుని తొమ్మిదింటికి వెళ్ళాను. సేకరణ బృందం వాడిన ఖాళీ ఫారాల కట్ట ఒకటి హబీబుల్లా సొరుగులో దొరికింది. ఒకటి తీసుకున్నాను. నియమం ప్రకారం నాలుగు నిమిషాలు తియ్యాలి, ఎవరూ మాట్లాడకూడదు.

ఏసుపాదం చక్రం తిప్పాడు. తలుపు ముందు సన్నగా కీచుమంది, తరువాత నీళ్ళ బరువంతా దాని మీద వాలింది. లాకులో నీళ్ళు నిండుతూ మమ్మల్ని దాటి ఆకాశం దాకా వెళతాయేమో అన్నట్టు లేచాయి, అంచు దగ్గర ఆగాయి. మూడున్నర నిమిషాలయ్యాక ఆయన ఇక ఉండలేకపోయాడు. మళ్ళీ తీద్దామా అనుకున్నాను. పోటు మళ్ళీ ఉదయం పూట ఇలా వచ్చేసరికి ఈ చక్రం దగ్గర ఇంకెవరో ఉంటారు. అందుకని ఉన్నది ఉన్నట్టే రాశాను.

చప్పుడు సంఖ్య: 41,207.
చోటు: కొత్తకాలువ లాకు, ఎగువ తలుపు.
పోటు: ఉదయం 9.15, నిండు.
తీసినవారు: మంగతాయారు, విలేకరి. జీతం లేదు.
గొంతులు: ఒకటి. “అయ్యిందాండి?” అన్నది. తీసివేయవద్దు. ఏసుపాదం. పేరు రాయమని ఆయనే చెప్పారు.